పొగబండి మీద పంచారామాలు

పంచారామాలు చూసివచ్చామని చెప్పేవాళ్ళను ఆ ఊళ్ళు ఎలా ఉన్నాయని అడిగి చూడండి. గుళ్ళ సంగతి చెబుతారు, దారిలో తిన్న టిఫిను సంగతి చెబుతారు, ఊరి సంగతి వచ్చేసరికి తడుముకుంటారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. చీకటితో బయలుదేరి రాత్రికల్లా ఐదు గుళ్ళూ ముగించే కార్లూ బస్సులూ వచ్చాక, ఊరనేది గుడికీ గుడికీ మధ్య అద్దంలోంచి కనిపించే ఆటంకంగా మారిపోయింది. దానితోపాటు మరో నమ్మకం కూడా స్థిరపడిపోయింది: సొంత బండి లేనివాడు, లేదా కారు మాట్లాడుకునే స్తోమతు లేనివాడు, చిన్న ఊళ్ళు చూడలేడని.

ఐదు ఆరామాలలో నాలుగు ఊళ్ళకు రైలు స్టేషన్లున్నాయి. సామర్లకోట మద్రాసు–హౌరా ప్రధాన మార్గం మీది జంక్షను. ద్రాక్షారామం కాకినాడ నుంచి కోటిపల్లికి పోయే చిన్న శాఖ మీద ఉంది. భీమవరం, పాలకొల్లు నరసాపురం పోయే దారిలో తగులుతాయి. అమరావతి ఒక్కదానికే ఇంతవరకూ రైలు లేదు. ఈ నాలుగు ఊళ్ళకూ రైలు ఎప్పుడు వచ్చింది, ఎవరి అవసరానికి వచ్చింది, ఒకచోట వచ్చిన రైలు ఎందుకు పోయింది అన్నది గుళ్ళ చరిత్రంత పాత కథ కాదు గానీ, చెప్పుకోదగ్గ కథ. స్టేషన్లో దిగి నడిచేవాడికి ఊరు ఎందుకలా ఉందో కొంత అర్థమయ్యేది ఈ కథ వల్లనే.

రైలుకు ముందు ప్రయాణం ఎలా ఉండేదో మనకు బాగా తెలిసింది ఏనుగుల వీరాస్వామయ్య పుణ్యాన. ఆయన 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, కాశీ సేవించి, గయ, కలకత్తా, ఉత్తర సర్కారుల మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. పల్లకీ, దాన్ని మోసే బోయీలు, వంటవాళ్ళు, బంట్రోతులు, సామాన్లు మోసేవాళ్ళు, అంతా కలిపి నూరుమంది దాకా పరివారం. సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు ఉద్యోగం చేసిన మనిషి గనుక, పరిచయపత్రాలు గనుక, సాగింది. ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళ 1838లో అచ్చు వేయించిన "కాశీయాత్ర చరిత్ర"లో ఊరూరికీ ఆయన రాసుకున్నవి చూస్తే ముచ్చటేస్తుంది: మంచినీళ్ళున్నాయా, సరుకులు దొరుకుతాయా, బాట ఇసుకా బురదా, దిగడానికి చోటుందా. చిన్న ఊరికి ఆనాడు పరదేశి వేసే ప్రశ్నలు ఇవే. ఇప్పుడు స్టేషన్లో దిగి సంచీ భుజాన వేసుకున్నవాడు వేసే ప్రశ్నలూ దాదాపు ఇవే. కారులో వచ్చినవాడు మాత్రం పార్కింగు ఎక్కడని అడుగుతాడు.

వీరాస్వామయ్య గోదావరి దాటిన మరుసటి ఏడే నందన కరువు మొదలైంది. 1832–33 నాటి ఆ కరువు, దాని వెనుక వచ్చిన తుపానులు ఈ ప్రాంతాన్ని గుల్ల చేసిన తరువాత ఆర్థర్ కాటన్ వచ్చాడు. 1847లో మొదలై 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే, ఊరూరా విగ్రహాలున్నాయి. అంతగా చెప్పుకోని విషయం ఒకటుంది. కాటన్‌కు రైళ్ళంటే పడేది కాదు. ఆయన దృష్టిలో కాలువ తవ్వటంలో సేద్యం సగం ప్రయోజనమైతే, పడవ మిగతా సగం. పెట్టుబడి మీద నూటికి ఐదు వడ్డీ ప్రభుత్వమే పూచీపడి ఇచ్చి మరీ రైలు కంపెనీలను మేపటం దండగనీ, ఈ దేశానికి కావలసింది చవకగా సరుకు మోసే నీటిదారులనీ ఆయన జీవితమంతా వాదించాడు. 1870లలో పార్లమెంటు కమిటీ ముందు కూడా అదే చెప్పాడు. వాళ్ళు ఒప్పుకోలేదు.

దేశమంతటా ఓడిన ఆయన వాదం గోదావరి డెల్టాలో మాత్రం కొన్ని దశాబ్దాలు గెలిచింది. ధవళేశ్వరం దగ్గర చీలిన కాలువలు పొలాలకు నీళ్ళిస్తూనే ఊళ్ళ మధ్య పడవదారులయ్యాయి. కాకినాడలో ఎక్కిన సరుకు కాలువలోనే ధవళేశ్వరం వచ్చి, ఏటికి అడ్డంగా అవతలి గట్టుకు చేరి, ఏలూరు కాలువలో బెజవాడ పోయి, కృష్ణ దాటి కొమ్మమూరు కాలువలో పడి, బకింగ్‌హాం కాలువ మీదుగా చెన్నపట్నం చేరేది. నీటిమట్టం మారినచోటల్లా లాకులు కట్టారు. డెల్టాలో "లాకుల దగ్గర" అంటే ఇప్పటికీ అడ్రసే. గుడి దగ్గర ఎంత సందడి ఉండేదో లాకుల దగ్గరా అంత సందడి ఉండేది. పడవ ఆగేది అక్కడే గనుక పూటకూళ్ళ ఇల్లు, సారా కొట్టు, బియ్యం గిడ్డంగి అన్నీ అక్కడే మొలిచాయి. పాలగుమ్మి పద్మరాజు "పడవ ప్రయాణం" చదివినవాళ్ళకు ఆ కాలువల వాసన తెలుస్తుంది. అన్నట్టు, 1952 ప్రపంచ కథల పోటీలో ఆయనకు రెండో బహుమతి తెచ్చిన "గాలివాన" రైలు ప్రయాణం కథ. పడవా రైలూ రెండూ ఎరిగిన తరం అది.

ఇక రైలు. తూర్పుకోస్తా రైలుమార్గాన్ని ప్రభుత్వమే వేసింది. బెజవాడ నుంచి కటకం దాకా ముక్కలు ముక్కలుగా 1893–96 మధ్య తెరిచారు. గోదావరి మీద వంతెన 1900కి గానీ పూర్తి కాలేదు. అంతవరకూ రైలు ఒక గట్టున ఆగితే జనం పడవలో దాటి రెండో గట్టున మళ్ళీ రైలెక్కేవాళ్ళు. అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టిన ఆ 56 స్పానుల వంతెన 1997 దాకా బళ్ళను మోసి విశ్రాంతి తీసుకుంది.

పటం ముందు పెట్టుకుని ఆ మార్గాన్ని చూడండి. ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు, కొవ్వూరు, రాజమండ్రి, సామర్లకోట, పిఠాపురం, తుని. డెల్టా నెత్తిమీదుగా పోయిందే తప్ప కడుపులోకి దిగలేదు. కారణం ఊహించటం కష్టం కాదు. ధవళేశ్వరానికి ఎగువన గోదావరి ఒకటే. ఒక వంతెనతో పని తీరుతుంది. దిగువన గౌతమి, వసిష్ఠ అని రెండై, వసిష్ఠలోంచి వైనతేయ చీలి మూడవుతుంది. మూడు పాయలు, లెక్కలేనన్ని కాలువలు, మురుగు కాలువలు. పైగా సరుకు రవాణాకు పడవలుండనే ఉన్నాయి. అలా డెల్టాలోని సంపన్నమైన ఊళ్ళన్నీ ప్రధాన మార్గానికి పక్కన పడిపోయాయి. రేవుపట్నాలైన కాకినాడా బందరూ కూడా కొమ్మ చివర కాయల్లా మిగిలాయి. కాకినాడకు సామర్లకోట నుంచి పదిహేను కిలోమీటర్ల శాఖ వేశారు. బందరుకు బెజవాడ నుంచి శాఖ రావటానికి 1908 దాకా పట్టింది. కాకినాడవారు తమ ఊరిని ప్రధాన మార్గంలో కలపాలని అడగటం ఈనాటికీ మానలేదు.

సామర్లకోటలో దిగేవాళ్ళలో ఎక్కువమంది బండి మారటానికి దిగేవాళ్ళే. ఆ రెండు గంటల వ్యవధిలో కుమారారామం చూసి రావచ్చు. స్టేషన్ నుంచి నడక దూరమే. ఈ చోటికి చాళుక్య భీమవరం అని పాతపేరు. వేంగీ చాళుక్యులలో మొదటి చాళుక్య భీముడు (892–921) కట్టించాడంటారు. గోదావరికి ఆవలి భీమవరానికి పేరు ఆయన వల్లనే వచ్చిందని చెబుతారు. ఒక రాజుకు రెండు భీమవరాలు. ఒకటి జంక్షనయింది, ఒకటి రెండు స్టేషన్లు సంపాదించుకుంది. గుడి పురావస్తుశాఖ రక్షణలో ఉండటం వల్ల సున్నం పూతలూ గ్రానైటు పలకలూ అంటక రాయి రాయిలాగే ఉంది. గర్భగుడి రెండంతస్తులు. కింద నుంచి లేచిన లింగం పై అంతస్తు దాకా వస్తుంది, అర్చన పైనే. శిల్పాల కోసం వెళ్ళేవాళ్ళకు కొంత నిరాశ కలుగుతుంది, గోడలు సాదాగా ఉంటాయి. నా మటుకు నాకు ఆ సాదాతనమే నచ్చింది.

కాకినాడను ఇక్కడ తొందరగా దాటేస్తాను. అది చిన్న ఊరు కాదు గనుక. రేవుగా అది పైకొచ్చింది కోరంగి పూడిపోయాక, 1861–65 అమెరికా అంతర్యుద్ధపు రోజుల్లో పత్తి ఎగుమతులు పెరిగాక. అందులోని జగన్నాథపురం 1825 దాకా డచ్చివారిది. మనవాళ్ళు వాళ్ళను ఒలాందావారు అనేవాళ్ళు. పక్కనే ఫ్రెంచివారి యానాం, ఇంకాస్త ఎగువన ఇంగ్లీషువారి ఇంజరం. నాలుగు ఆమడల లోపల మూడు దేశాల గిడ్డంగులు, అన్నిటికీ కావలసింది ఒకటే, గోదావరి సాలెవాళ్ళు నేసిన బట్ట.

అసలు కథ కాకినాడ టౌన్ స్టేషన్లో మొదలవుతుంది. కోటిపల్లికి 45 కిలోమీటర్ల శాఖ. 1928లో వేశారు. అదే ఏడు గుడివాడ–భీమవరం మార్గం కూడా తెరిచారు. డెల్టా కడుపులోకి రైలు దిగిన సంవత్సరం అదని చెప్పుకోవచ్చు. కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం, గంగవరం, కోటిపల్లి. వరి పొలాల మధ్య, కొబ్బరి తోటల పక్కగా, కాలువల మీద చిన్నచిన్న వంతెనలతో, ఎక్కడా ఎత్తుపల్లాలు లేని దారి. ఈ దారి ఆయుస్సు పన్నెండేళ్ళు. యుద్ధం వచ్చింది, ఇనుము కావలసి వచ్చింది, 1940లో పట్టాలు పీకేశారు.

ఈ ఒక్క వాక్యాన్ని చరిత్ర పుస్తకాలు దాటేస్తాయి. ప్రపంచయుద్ధంలో కోట్ల మంది చనిపోతుంటే పట్టాలు పోవటం ఒక లెక్కా అంటే, నిజమే, లెక్క కాదు. కానీ రామచంద్రపురంలోనో ద్రాక్షారామంలోనో ఆనాడు పన్నెండేళ్ళ పిల్లవాడి సంగతి ఆలోచించండి. వాడు పుట్టిన ఏడు రైలు వచ్చింది. వాడికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఊళ్ళో రైలుంది, సూర్యుడున్నట్టు. ఒకనాడు కూలీలు వచ్చి పట్టాలు విప్పుకుపోయారు. మళ్ళీ ఆ దారిన రైలు నడిచింది 2004 నవంబరులో. అప్పటికి ఆ పిల్లవాడికి డెబ్బై ఆరేళ్ళు. మధ్యలో ఉన్న అరవైనాలుగేళ్ళలో కట్టలు మిగిలాయి, వాటి మీద తుమ్మచెట్లు మొలిచాయి, పొలం గట్టుగా కలుపుకున్నవాళ్ళు కలుపుకున్నారు.

2004 తరువాత ఈ దారిన నడిచిన బండిని రైల్‌బస్సు అనేవాళ్ళు. ఇంజనూ పెట్టే వేరుగా లేవు. పట్టాల మీద పోయే ఒంటి పెట్టె, చూడటానికి బస్సే. పిల్లలు చేతులూపేవాళ్ళు. ఆదాయం చూస్తే రైల్వేవారికి నష్టమే అయి ఉంటుంది. బస్సు దానికన్నా ముందే చేరుస్తుంది, అరగంటకొకటి ఉంటుంది. అయినా ఎక్కేవాళ్ళు ఎక్కేవాళ్ళు. 2020 మార్చిలో దేశమంతటా ప్రయాణికుల రైళ్ళన్నీ ఆపేసినప్పుడు ఇదీ ఆగింది. పెద్ద బళ్ళు ఒక్కటొక్కటే తిరిగి పట్టాలెక్కాయి గానీ, ఇలాంటి కొసరు బళ్ళ మీద ఆ తరువాత ఎవరికీ భరోసా లేకుండా పోయింది. కాబట్టి బయలుదేరే ముందు కాకినాడ టౌన్ స్టేషన్లో అడగండి. లేదంటే రామచంద్రపురం బస్సెక్కండి. ఆ బస్సు కూడా అందరి బస్సే.

రామచంద్రపురంలో రాజావారి కోట ఉంది; సినిమాల్లో చూసే ఉంటారు. అక్కడ ఎక్కువసేపు ఆగక్కరలేదు. ఆగవలసింది ద్రాక్షారామంలో.

భీమేశ్వరాలయం కూడా సామర్లకోట ఆలయం పోలికలోనే రెండంతస్తులది, అంతకన్నా విశాలమైనది. రెండు ప్రాకారాలు, నాలుగు దిక్కులా గోపురాలు, మాణిక్యాంబ గుడి, సప్తగోదావరి గుండం. లింగం పైభాగాన్ని మెట్లెక్కి చూడాలి. శ్రీనాథుడి "భీమేశ్వర పురాణం" ఈ ఊరి పురాణమే. రాజమహేంద్రవరపు రెడ్డిరాజుల మంత్రి బెండపూడి అన్నయామాత్యుడికి అంకితమిచ్చాడు. కాశీలో భిక్ష దొరక్క కోపించి శివుడి చేత వెళ్ళగొట్టబడ్డ వ్యాసుడు చివరకు చేరుకునేది ఈ ద్రాక్షారామానికి. కాశీ పోగొట్టుకున్నవాడికి ఓదార్పుగా దొరికిన ఊరన్నమాట. కాశీ దాకా పల్లకీ మీద పోలేని గోదావరి జనానికి ఆ కథ ఎంత అక్కరకు వచ్చి ఉంటుందో ఊహించవచ్చు.

కానీ గుళ్ళో తీరిగ్గా చూడవలసినవి గోడలూ స్తంభాలూ. శాసనాలు వందలకొద్దీ ఉన్నాయి. తెలుగు, సంస్కృతం, అక్కడక్కడా తమిళం కూడా. రాజరాజనరేంద్రుడి కొడుకు కులోత్తుంగుడై చోళ సింహాసనం ఎక్కాక ఇటు వచ్చిన ఉద్యోగులు చెక్కించినవి. రాజుల విజయాలు తక్కువ, దీపాలు ఎక్కువ. ఒక దాత దేవుడికి అఖండదీపం పెట్టదలచుకుంటాడు. ఇంత డబ్బు అని ఇచ్చి ఊరుకోడు. యాభై గొర్రెలనో మేకలనో ఇస్తాడు. ఆ మందను ఒక కాపరి తీసుకుని, తానూ తన తరువాతి తరాలూ రోజుకు ఇంత నెయ్యి అని గుడికి పోస్తామని ఒప్పుకుంటాడు. సూర్యచంద్రులున్నంత కాలం దీపం వెలగాలని రాయి మీద రాస్తారు. ఇచ్చినవాళ్ళలో రాణులున్నారు, సేనాపతులున్నారు, కోమట్లున్నారు, గుడిలో ఆడిపాడే స్త్రీలున్నారు. దీపం వెలిగించటం సులువనీ వెలుగుతూ ఉంచటమే ఖర్చనీ పన్నెండో శతాబ్దపు గొర్రెల కాపరికీ తెలుసు. కోటిపల్లి శాఖ వేసినప్పుడు, మళ్ళీ వేసినప్పుడు, ప్రారంభోత్సవానికి ఉన్న పూనిక రోజువారీ బండికి ఉండి ఉంటే బాగుండేదని ఆ శాసనాల ముందు నిలబడ్డప్పుడు అనిపించక మానదు.

ఈ ఊళ్ళో కూడా ఒలాందావారు బట్టల కొనుగోలు గిడ్డంగి పెట్టుకున్నారు. ఇక్కడే చనిపోయిన వాళ్ళవాళ్ళకు పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల నాటి సమాధులున్నాయి. ఒకరోజులో ఐదు గుళ్ళు ముగించే కార్యక్రమంలో వీటికి చోటుండదు.

కోటిపల్లిలో పట్టాలు గౌతమి గట్టుకు వచ్చి ఆగిపోతాయి. సోమేశ్వరుడి గుడి, స్నానఘట్టం, అవతల ముక్తేశ్వరం, మధ్యన పంటు. కార్లూ మోటారు సైకిళ్ళూ మేకలూ కొబ్బరికాయల బుట్టలూ మనుషులూ అంతా ఒకే పంటు మీద. ప్రయాణం కొద్ది నిమిషాలే గానీ, ఏటి వెడల్పు ఎంతో తెలిసేది పంటు మీదే. ఈ ఏటిని దాటించి రైలును అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం చేర్చాలన్నది కోనసీమవారి కోరిక. 57 కిలోమీటర్ల ఈ మార్గానికి 2000–01 రైల్వే బడ్జెట్టులో అనుమతి వచ్చింది. అప్పటి లోక్‌సభ స్పీకరు, అమలాపురం సభ్యుడు బాలయోగి దీనికోసం పట్టుబట్టాడు. ఆయన 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి మరణించాడు. మార్గం పొడుగు 57 కిలోమీటర్లే అయినా గౌతమి, వైనతేయ, వసిష్ఠ మూడింటి మీదా వంతెనలు కావాలి. 1890లలో ఇంజనీర్లు తప్పించుకుపోయిన లెక్క ఇదే. ఏళ్ళు గడిచి స్తంభాలు నీళ్ళలో లేచాయి. కోనసీమలో రైలెక్కకుండానే ముసలివాళ్ళయిన వాళ్ళు ఇంకా ఉన్నారు.

కాబట్టి ఇక్కడ రైలు యాత్రికుడు కాసేపు పంటు యాత్రికుడూ బస్సు యాత్రికుడూ కావాలి. ముక్తేశ్వరం నుంచి అమలాపురం, రాజోలు. అక్కడి నుంచి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు పోవచ్చు. తొందర లేనివాళ్ళు సఖినేటిపల్లి రేవులో మళ్ళీ పంటెక్కి నరసాపురంలో దిగటం మేలు. అలా చేస్తే పట్టాల చివరి నుంచి పట్టాల చివరికి, నది నుంచి నదికి వచ్చినట్టవుతుంది.

నరసాపురం పంచారామాల్లో లేదు. అయినా దిగి చూడవలసిన ఊరు. పక్కనున్న మాధవాయపాలెంలో పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషువారు బట్టలు కొన్నారు, ఓడలు కట్టించుకున్నారు. ఆ పాలెం పేరు వాళ్ళ నోట మడపొల్లం అయి, ఒక రకం నూలుబట్టకు పేరై కూర్చుంది. ఆ బట్ట ఐరోపా దుకాణాలలో ఇప్పటికీ అదే పేరుతో అమ్ముతారు, అది ఒక తెలుగు పల్లె పేరని తెలియకుండానే. తరువాత మిషనరీలు నేర్పిన లేసు అల్లిక వచ్చింది. ఇంటి అరుగు మీద కూర్చుని ఆడవాళ్ళు అల్లిన లేసు విదేశాలకు పోతుంటే, అల్లినవాళ్ళకు దక్కేది ఎంత తక్కువో జర్మన్ పండితురాలు మరియా మీస్ 1982లో ఒక పుస్తకమే రాసింది. స్త్రీల శ్రమ గురించి ప్రపంచమంతటా చదువుకునే పుస్తకాలలో అది ఒకటి. అల్లికలు చూడాలంటే ఏ వీధి అరుగైనా చాలు. అదీ నడిచేవాడికే కనబడుతుంది.

నరసాపురంలో బండెక్కితే పది కిలోమీటర్లలో పాలకొల్లు. క్షీరారామలింగేశ్వరుడి గోపురం తొమ్మిది అంతస్తులు, నూట ఇరవై అడుగుల దాకా ఎత్తు. పల్లపు నేల కావటం వల్ల అది ఉన్నదానికన్నా ఎత్తుగా కనబడుతుంది. ఇక్కడా ఒలాందావారి గిడ్డంగీ శ్మశానమూ ఉండేవి. కాలువ పక్క వీధుల్లో తిరిగితే, పాత ఇళ్ళ ముఖాలు కొన్ని రోడ్డు వైపు కాక నీటి వైపు ఉండటం గమనిస్తారు. సరుకు వచ్చింది అటు నుంచి. ఊరి తలుపు ఆ కాలంలో కాలువే. స్టేషన్ వచ్చాక తలుపు ఒకసారి తిరిగింది, బస్‌స్టాండు వచ్చాక మరోసారి.

భీమవరంలో రెండు స్టేషన్లున్నాయి, టౌన్ ఒకటి, జంక్షన్ ఒకటి. కొత్తవాళ్ళు ఒకదాంట్లో ఎక్కాల్సిన బండికి రెండోదాంట్లో నిలబడటం ఆ ఊళ్ళో పాత వినోదం. సోమారామం గునుపూడిలో ఉంది. లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకు నల్లగా మారుతుందని ప్రతీతి. దాన్ని పరీక్షించాలంటే ఊళ్ళో పదిహేను రోజులుండాలి. ఉన్నవాళ్ళు లేకపోలేదు.

భీమవరం నుంచి బెజవాడ పోయే బండి ఆకివీడు, కైకలూరు, గుడివాడల మీదుగా, కొల్లేటి అంచులు తగులుతూ పోతుంది. ఈ దారంతా ఇటీవలే రెండు వరుసలై విద్యుదీకరణ కూడా జరిగింది. పట్టాలు ఇంత బాగుపడిన తరువాత ఆగే బళ్ళు పెరగాలని మనం అనుకుంటాం. పట్టాలు బాగుపడితే ఆగకుండా పోయే బళ్ళు పెరుగుతాయన్నది రైల్వే అనుభవం. 2020 తరువాత పాసింజర్లను తిరిగి నడిపినప్పుడు వాటికి ఎక్స్‌ప్రెస్ అని పేరు మార్చి, పది రూపాయల కనీస టిక్కెట్టును ముప్ఫై చేశారు. బండి అదే, వేగం అదే, ఆగే స్టేషన్లు మాత్రం కొన్ని తగ్గాయి. పాలకొల్లు నుంచి నరసాపురానికి కూరగాయలు తీసుకుపోయే మనిషికి ఇరవై రూపాయల తేడా ఎంతో లెక్కవేయటానికి ఆర్థికశాస్త్రం అక్కరలేదు. 2024 ఫిబ్రవరిలో మళ్ళీ పదికి దించారు. ఈ నాలుగేళ్ళలో బస్సులకూ షేరాటోలకూ అలవాటుపడిన వాళ్ళు అందరూ తిరిగి రాలేదు. రాలేదు గనుక బండి దండగ అని రేపు ఎవరైనా రాస్తే, ఆ లెక్క కూడా కాగితం మీద సరిపోతుంది.

ఐదోది అమరావతి. శాతవాహనుల నాటి మహాస్తూపం, దాని పక్కన అమరేశ్వరుడు. ఆరామం అన్న మాటను బట్టి ఈ ఐదూ ఒకప్పటి బౌద్ధ స్థలాలేమోనని ఊహించేవాళ్ళకు పెద్ద ఆధారం ఈ ఊరే. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన కొత్త పట్నం కట్టుకుంటుండగా దిబ్బలోంచి చెక్కిన పలకలు బయటపడటం, ఆ కబురు విని కాలిన్ మెకంజీ రావటం పద్దెనిమిదో శతాబ్దం చివరి సంగతులు. ఆ పలకలు తరువాత చెన్నపట్నానికీ లండనుకూ పోయాయి. వాటిని మోసింది పడవలూ ఓడలే. ఇప్పటికి బెజవాడలోనో గుంటూరులోనో రైలు దిగి బస్సెక్కాలి. బెజవాడ నుంచి పోయే బస్సు కొంత దూరం కృష్ణ ఒడ్డునే పోతుంది.

ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు కొత్త మార్గాన్ని 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. కృష్ణ మీద మూడు కిలోమీటర్ల పైచిలుకు వంతెన ఉంటుందట. దాని పొడుగూ 57 కిలోమీటర్లే, కోటిపల్లి–నరసాపురం మార్గమంత. ఒకటి 2000లో అనుమతి పొందింది, ఒకటి 2024లో. ఏది ముందు పూర్తవుతుందో గానీ, రెండూ పూర్తయిన నాడు సామర్లకోటలో టిక్కెట్టు కొని ఐదు ఆరామాలూ పట్టాల మీదే చుట్టి రావచ్చు, మధ్యలో కోటిపల్లి బండి ఉంటే.